గ్రేడులో లేనిది పర్సెంటైలులోకి ఎక్కడి నుండి వచ్చింది?



ఇటీవల నా చేతికి వచ్చిన కొన్ని ప్రోగ్రెస్ కార్డులలో తెలుగు అన్న గడికి ఎదురుగా గ్రేడుతో పాటు మరొక అంకె కనబడుతున్నది. దాని పేరు పర్సెంటైల్ ర్యాంకు. బిడ్డకు వచ్చిన గ్రేడు బి1 అని ఉంటుంది. దాని పక్కన 10 అనో 17.5 అనో ఉంటుంది. ఆ అంకెను ఉపాధ్యాయుడు వేయలేదు. పరీక్ష పెట్టినవారు, జవాబు పత్రం దిద్దినవారు వేయలేదు. గ్రేడుల పట్టికను ఒక కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగిస్తే, అందులోని ఒక సిద్ధ సూత్రం దానిని వేసి ఇచ్చింది. ఆ కార్డు చూసిన తండ్రి అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీలో చాలామందికి తెలుసు: "అయ్యా, మావాడికి తెలుగులో పదేనా? వచ్చే ఏడు హిందీకి మార్చేద్దామా?"

ఈ అంకెను మన తెలుగు తరగతుల నుండి తొలగించాలని నేను వాదించదలచాను. గణితం మీద కోపంతోనో, కంప్యూటర్ మీద భయంతోనో చెప్పే మాట కాదిది. గ్రేడుల నుండి పర్సెంటైల్ లెక్కించడం గణితం దృష్ట్యానే తప్పు. చిన్న తరగతిలో లెక్కించడం అంతకంటె పెద్ద తప్పు. అల్పసంఖ్యాక భాషా తరగతిలో లెక్కించడం ఆ తరగతి గొంతు నులమడమే. ఒక్కొక్కటిగా చూపుతాను. దయచేసి చివరిదాకా చదవగలరు.

పర్సెంటైల్ అంటే శాతం కాదు

ముందుగా తల్లిదండ్రుల కోసం ఒక మాట. నూటికి ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పేది శాతం. నూరుమందిలో ఎంతమంది మన వెనుక ఉన్నారో చెప్పేది పర్సెంటైల్. మొదటిది బిడ్డకు, పాఠానికి మధ్య ఉన్న సంబంధం. రెండవది బిడ్డకు, పక్క బల్ల మీది పిల్లలకు మధ్య ఉన్న సంబంధం. 78 మార్కులు వచ్చిన బిడ్డ పర్సెంటైల్ 10 కావచ్చు, 95 కావచ్చు. బిడ్డకు తెలుగు ఎంత వచ్చునన్నది ఆ అంకెలో లేదు.

ఈ కొలతకు పర్సెంటైల్ అన్న పేరును 1885 నాటికే ఫ్రాన్సిస్ గాల్టన్ వాడాడు. మనుషుల ఎత్తులు, బరువులు, చూపు, పట్టు బలము వంటివి వేలమందిలో కొలిచి, ఒక మనిషి ఆ సమూహంలో ఎక్కడ నిలుస్తాడో చెప్పడానికి అది పనికివచ్చింది. అక్కడ రెండు విషయాలు గమనించండి. కొలిచినవారు వేలమంది. కొలత అంగుళాలలో, పౌనులలో సన్నగా తీసినది. మన తరగతి గదిలో ఈ రెండూ లేవు. ఉన్నది ఇరవై మంది పిల్లలు, నాలుగైదు అక్షరాల గ్రేడులు.

ఒకే బిడ్డ, ఎనిమిది అంకెలు

ఇరవై మంది ఉన్న ఒక తెలుగు తరగతిని ఊహించుకోండి. తొమ్మిదిమందికి ఏ1, ఆరుగురికి ఏ2, ముగ్గురికి బి1, ఇద్దరికి బి2 వచ్చాయి. ఇది చాలా మంచి తరగతి. బి1 వచ్చిన ఒక అమ్మాయి పర్సెంటైల్ ఎంత?

ఆమె కంటె తక్కువ గ్రేడు వచ్చినవారు ఇద్దరు. ఆమెతో సమానంగా ఉన్నవారు, ఆమెను కలుపుకొని, ముగ్గురు. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. సమానంగా ఉన్నవారిని వెనుక ఉన్నట్టు లెక్కించాలా, లెక్కించకూడదా, సగం లెక్కించాలా? గణితంలో దీనికి ఒకే జవాబు లేదు. అందుచేత ప్రోగ్రాములు వ్రాసినవారు అన్ని జవాబులనూ పెట్టి, ఎంచుకొనే పనిని మనకు వదిలివేశారు.

పైథాన్ భాషలో వాడే సైపై అన్న గ్రంథాలయంలో, అనగా సిద్ధ సూత్రాల భాండారంలో, ఈ పనికొక సూత్రం ఉన్నది. దానికి నాలుగు పద్ధతులు. "స్ట్రిక్ట్" అంటే తక్కువ వచ్చినవారిని మాత్రమే లెక్కిస్తుంది: ఇరవైలో ఇద్దరు, కనుక 10. "వీక్" అంటే సమానులను కూడా కలుపుతుంది: ఇరవైలో ఐదుగురు, కనుక 25. "మీన్" అంటే ఈ రెంటి సగటు: 17.5. ఏమీ చెప్పకపోతే అది తనంతట తాను ఎంచుకొనేది "ర్యాంక్" అన్న పద్ధతి. సమానులు ఆక్రమించిన మూడు, నాలుగు, ఐదు స్థానాల సగటు తీసి 20 అంటుంది.

పాండాస్ అన్న మరొక భాండారం ఉన్నది. అది కూడా ఊరకుంటే సగటు తీసి 20 అంటుంది. "మిన్" అని అడిగితే 15, "మ్యాక్స్" అని అడిగితే 25. "డెన్స్" అని అడిగితే పిల్లలను వదిలి గ్రేడులను మాత్రమే లెక్కిస్తుంది: నాలుగు రకాల గ్రేడులలో కింది నుండి రెండవది, కనుక 50.

ఆఫీసు గదిలో ఎక్సెల్ వాడేవారికి 2010 నుండి రెండు సూత్రాలు అందుబాటులో ఉన్నాయి. ఒకటి తక్కువ వచ్చినవారిని తరగతి సంఖ్యలో ఒకటి తీసివేసి భాగిస్తుంది: 19లో 2, కనుక 10.5. రెండవది పైన ఒకటి, కింద ఒకటి కలుపుతుంది: 21లో 3, కనుక 14.2.

10, 10.5, 14.2, 15, 17.5, 20, 25, 50. ఎనిమిది అంకెలు. అమ్మాయి ఒక్కతే. ఆమె వ్రాసిన జవాబు పత్రం ఒక్కటే. ఒక పాఠశాల ఈమెను "అట్టడుగున పది" అంటుంది. వీధి చివరి పాఠశాల "నడిమి యాభై" అంటుంది. రెండు ప్రోగ్రాములూ తప్పు చేయలేదు. తమకు చెప్పినది చెప్పినట్టే చేశాయి.

ఏ1 వచ్చిన బిడ్డ సంగతి ఇంకా విచిత్రం. అంతకంటె పై గ్రేడు లేదు. ఆ బిడ్డ చేయగలిగినదంతా చేసింది. అయినా పద్ధతిని బట్టి ఆమె పర్సెంటైల్ 55, 57.1, 57.8, 60, 77.5, 80, 100లలో ఏదైనా కావచ్చు. ఇంకొంచెం ముందుకు వెళ్లండి. ఐదుగురు పిల్లల తరగతిలో ఐదుగురికీ ఏ1 వచ్చిందనుకోండి. "వీక్" పద్ధతిలో అందరికీ 100. "స్ట్రిక్ట్" పద్ధతిలో అందరికీ సున్న! ఎవరికీ ఎవరూ వెనుక లేరు కదా. తరగతి మొత్తం గెలిచిన రోజున తరగతి మొత్తానికి సున్న వేసే కొలతను ఏ తల్లి ముందు పెట్టగలం?

అక్షరాలను యంత్రం ఎలా చదువుతుంది

పై లెక్కలన్నీ గ్రేడులను సరిగా అంకెలుగా మార్చిన తరువాత వచ్చినవి. మార్చకుండా అక్షరాలను అక్షరాలుగానే పాండాసుకు అందిస్తే ఏమవుతుందో చూడండి. దానికి ఏ1 గొప్పదని తెలియదు. నిఘంటువులో మాటలను పేర్చినట్టు అక్షరక్రమంలో పేరుస్తుంది. ఏ1 ముందు వస్తుంది కనుక అది చిన్నది. బి2 చివర వస్తుంది కనుక అది పెద్దది. మన ఇరవై మంది తరగతిలో ఏ1 వచ్చిన బిడ్డకు 25 పర్సెంటైల్, బి2 వచ్చిన బిడ్డకు 97.5 పర్సెంటైల్ అంటుంది. ఎర్ర అక్షరాలతో హెచ్చరిక ఏదీ రాదు.

ఇది చూసి, "అయితే తలకిందులు చేస్తే సరి" అనుకొంటారు కొందరు. ఏ1, ఏ2, బి1 అన్న వరుసకు అది సరిపోతుంది. కాని గ్రేడులు ఏ ప్లస్, ఏ, బి ప్లస్, బి అని ఉంటే? అక్షరక్రమంలో ఉత్త "ఏ" ముందు, "ఏ ప్లస్" తరువాత. తలకిందులు చేస్తే ఉత్త ఏ వచ్చినవాడు ఏ ప్లస్ వచ్చినవాడిని దాటిపోతాడు. ఇరవై కార్డులైతే ఎవరో ఒకరు పట్టుకొంటారు. ఆరువందల కార్డులు ఒక్క మీటతో అచ్చు వేసే చోట పట్టుకొనేదెవరు?

పరీక్షకు రాని పిల్లల సంగతి మరొకటి. వారి గడిని ఖాళీగా వదిలితే పాండాస్ వారిని లెక్కలోనుండి తీసివేస్తుంది. అదే గడిలో గుమాస్తా సున్న వేస్తే వారు అందరికంటె వెనుక నిలుస్తారు. తక్కినవారందరూ పైకి జరుగుతారు. మన ఏ1 బిడ్డకు "స్ట్రిక్ట్" పద్ధతిలో 55 ఉన్నది కదా; జ్వరంతో రాని నలుగురికి సున్నలు వేస్తే 24లో 15, కనుక 62.5 అవుతుంది. పక్కింటి పిల్లలకు జ్వరం వస్తే మన బిడ్డ తెలుగు బాగుపడుతుందా?

గ్రేడు పుట్టినదే తేడాలను చెరపడానికి

ఇక మూలానికి వద్దాం. గ్రేడులు ఎందుకు వచ్చాయి? 91కి, 93కి మధ్య ఉన్న తేడా జ్ఞానపు తేడా కాదనీ, దిద్దేవారి చేతివాటపు తేడా అయినా కావచ్చుననీ గుర్తించి, పిల్లలను ఆ రెండు మార్కుల వేదన నుండి తప్పించడానికి వచ్చాయి. సి.బి.ఎస్.ఇ. 2009-10లో నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తెచ్చినప్పుడు 91 నుండి 100 వరకు ఏ1, 81 నుండి 90 వరకు ఏ2, 71 నుండి 80 వరకు బి1 అని తొమ్మిది మెట్లు కట్టింది. 2017లో ఆ విధానం ముగిసినా, ఆ మెట్లు ఇంకా ఎన్నో పాఠశాలల అలవాటులో నిలిచిపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012లో పదవ తరగతి ఫలితాలను గ్రేడులలో ఇచ్చింది. తెలంగాణ 2024 నవంబరులో వాటిని విడిచి మార్కులకు తిరిగివస్తున్నట్టు ప్రకటించింది.

గ్రేడులు మంచివా, మార్కులు మంచివా అన్నది వేరే చర్చ. నేననేది ఒకటే. ఒకసారి గ్రేడు వేసిన తరువాత లోపలి తేడాలు పోయినట్టే. వాటిని చెరపాలని మనమే నిర్ణయించుకొన్నాము. ఇప్పుడు ఆ గ్రేడునే తీసుకొని, పర్సెంటైల్ పేరుతో దశాంశ బిందువు పెట్టి మళ్లీ తేడాలు పుట్టించడం పిండిని తిరిగి గింజలుగా మార్చబూనడం వంటిది. 17.5లోని ఆ అర ఎక్కడిది? అది బిడ్డ జవాబు పత్రంలో లేదు. గ్రేడులోనూ లేదు. సూత్రంలోనుండి ఊడిపడింది.

పైగా గ్రేడులన్నీ ఒక జాతివి కావు. సి.బి.ఎస్.ఇ. పన్నెండవ తరగతి బోర్డు పరీక్షలో ఏ1 అంటే ఫలానా మార్కులని అర్థం కాదు. ఆ విషయంలో ఉత్తీర్ణులైనవారినందరినీ వరుసలో నిలిపితే మొదటి ఎనిమిదవ వంతు అని అర్థం. అంటే ఆ గ్రేడే ఒక స్థానం. దాని మీద మళ్లీ తరగతిలో స్థానం లెక్కించడం నీడకు నీడ వెదకడమే. ఆంధ్రప్రదేశ్‌లో గ్రేడులున్న కాలంలో ద్వితీయ భాషకు ఉత్తీర్ణత 20 మార్కులు, తక్కిన విషయాలకు 35. ఒకే అక్షరం రెండు విషయాలలో రెండు అర్థాలిచ్చేది. అక్కడి నుండి ఇక్కడికి బదిలీ మీద వచ్చిన బిడ్డ గ్రేడును ఇక్కడి గ్రేడుల రాశిలో పోసి కలియబెట్టడం ఎలా న్యాయం? అంతెందుకు, సి.బి.ఎస్.ఇ.లోనే ఆంధ్రప్రదేశ్ తెలుగు, తెలంగాణ తెలుగు వేరువేరు సంకేత సంఖ్యలతో వేరువేరు విషయాలుగా ఉన్నాయి. రెండు ప్రశ్న పత్రాలు వ్రాసిన పిల్లలను "తెలుగు" అన్న ఒక్క గడిలో కలిపి వరుస కట్టే ప్రోగ్రాముకు ఈ భేదం తెలియదు.

లక్షలమందికి పనికివచ్చినది పదిమందికి పనికిరాదు

"మరి జేఈఈ మెయిన్‌లో పర్సెంటైలే కదా వాడుతున్నారు?" అని అడుగుతారు. వాడుతున్నారు. 2019 నుండి జాతీయ పరీక్షా సంస్థ ఫలితాలను పర్సెంటైల్ స్కోరుగా ఇస్తున్నది. ఎందుకు? పరీక్ష పలు విడతలలో జరుగుతుంది. ప్రతి విడతకు ప్రశ్న పత్రం వేరు. ఒకటి కఠినం, ఒకటి సులభం. ఒక్కొక్క విడతలో వేలాదిమంది వ్రాస్తారు కనుక ఆ విడతలో నీ స్థానమేమిటని చూడడం ఉన్నంతలో న్యాయం. అక్కడ లెక్కకు తీసుకొనేది గ్రేడు కాదు, అసలు మార్కు. సమానులు తక్కువగా వచ్చేటట్టు ఏడు దశాంశ స్థానాల వరకు లెక్కిస్తారు. అన్నిటికంటె ముఖ్యం: పద్ధతి బహిరంగం. నీ మార్కుకు సమానంగానో తక్కువగానో తెచ్చుకొన్నవారెందరో లెక్కించి, మొత్తం మందితో భాగించి, నూటితో హెచ్చవేస్తామని ముందే ప్రకటించారు. అంటే "వీక్" పద్ధతి. ఎవరైనా ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు.

మన తరగతిలో ప్రశ్న పత్రం అందరికీ ఒకటే. సరిదిద్దవలసిన హెచ్చుతగ్గే లేదు. లేని జబ్బుకు మందు వేసి, మందు వల్ల వచ్చిన జబ్బును బిడ్డ జబ్బు అంటున్నాము.

పెద్ద ఎత్తున జరిగే లెక్కలలో కూడా దీనిని ఎంత జంకుతో వాడవలసి ఉంటుందో చూడండి. 2013 నుండి 2016 వరకు జేఈఈ మెయిన్ ర్యాంకులో పన్నెండవ తరగతి మార్కులకు 40 శాతం బరువు ఇచ్చి, వేరువేరు బోర్డుల మార్కులను పర్సెంటైల్ మీదుగా సమం చేశారు. 2017 నుండి ఆ బరువును ఎత్తివేశారు. తమిళనాడు మరొక దారి పట్టింది. 2007-08 నుండి వృత్తి విద్యా ప్రవేశ పరీక్షను రద్దు చేసిన చట్టంలో, ప్రతి బోర్డులో ఒక విషయంలో వచ్చిన అత్యధిక మార్కును రాష్ట్ర బోర్డు అత్యధిక మార్కుతో సమం చేసి, తక్కిన మార్కులను ఆ నిష్పత్తిలో సవరించమన్నారు. అది సరియైనదా కాదా అన్నది అటుంచండి. ఏ పద్ధతి అన్నది చట్టంలో వ్రాసి ఉన్నది. మన ప్రోగ్రెస్ కార్డు మీద ఏ పద్ధతి అన్నది ఎక్కడ వ్రాసి ఉన్నది?

సంఖ్యాశాస్త్రం మీద నాకు గౌరవమే తప్ప వైరం లేదు. ఆ శాస్త్రంలో ప్రపంచం నమస్కరించిన సి.ఆర్. రావుగారు మన తెలుగువారు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకొన్నారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారం అందుకొని, అదే సంవత్సరం కన్నుమూశారు. ఆ శాస్త్రం నేర్పే మొదటి వినయం, చేతిలో ఉన్న సమాచారం ఎంత చెప్పగలదో అంతే చెప్పించడం. ఇరవై అక్షరాల చేత దశాంశాలు పలికించడం ఆ వినయానికి విరుద్ధం.

మన తరగతులకు జరుగుతున్న నష్టం

ఇక ఈ నగరపు తెలుగు తరగతి సంగతి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు. కాని తెలుగు చదివే పిల్లలు ఏ బడిలోనైనా గుప్పెడుమందే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం రాష్ట్ర బోర్డు బడులలో మొదటి భాగం తమిళం, రెండవ భాగం ఆంగ్లం, మూడవ భాగం తక్కిన విషయాలు అని ఏర్పరచి, మాతృభాషను ఇష్టమైతే చదువుకొనే నాలుగవ భాగంగా పెట్టింది. అది 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటికొక తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతి చేరింది. కేంద్ర బోర్డు బడులలోనైతే తెలుగుకు పక్కనే హిందీ, ఫ్రెంచి నిలబడి పిలుస్తుంటాయి. మన తరగతిలో కూర్చున్న ప్రతి బిడ్డా "మానివేయవచ్చు" అన్న తలుపు పక్కనే కూర్చున్నట్టు లెక్క.

ఆ తరగతిలో ఎవరున్నారు? తరతరాలుగా ఇక్కడే స్థిరపడి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, అక్షరం మాత్రం ఎరుగని కుటుంబాల పిల్లలు ఒక వైపు. నిన్ననో మొన్ననో నెల్లూరు నుండో గుంటూరు నుండో తండ్రి ఉద్యోగం వెంట వచ్చినవారు మరొక వైపు. వీరిద్దరినీ ఒక వరుసలో నిలిపితే తెలిసేది ఎవరు బాగా చదివారన్నది కాదు. ఎవరు ఎప్పుడు ఊరు విడిచారన్నది.

లెక్క చూడండి. పదిమంది తరగతిలో ఒక అబ్బాయికి వెనుక ఎనిమిదిమంది ఉన్నారు, 80 పర్సెంటైల్. మరుసటి ఏడు నెల్లూరు నుండి బాగా చదివే పిల్లలిద్దరు చేరి అతనికి ముందు నిలిచారు. ఇప్పుడు పన్నెండుమందిలో ఎనిమిది, కనుక 66.6. ఆ ఏడాదిలో అతడు పద్యం చదవడం నేర్చాడు, సంధి విడదీయడం నేర్చాడు, తప్పులు లేకుండా లేఖ వ్రాయడం నేర్చాడు. కార్డు మాత్రం పడిపోయాడంటుంది.

దీనికంటె దారుణమైన లెక్క ఇంకొకటి ఉన్నది. అదే పదిమందిలో నడుమ ఉన్న అమ్మాయికి వెనుక ఐదుగురు, 50 పర్సెంటైల్. అట్టడుగున ఉన్న ముగ్గురి తల్లిదండ్రులు తమ కార్డులు చూసి బెదిరి పిల్లలను తెలుగు నుండి తప్పించారు. ఇప్పుడు ఏడుగురిలో ఆమె వెనుక ఇద్దరు, 28.5. ఆమె ఒక్క అక్షరం మరచిపోలేదు. అయినా ఈ ఏడు బెదరవలసిన వంతు ఆమె తల్లిదండ్రులది. ఆమె కూడా వెళ్లిపోతే ఆమె ముందున్న బిడ్డ అంకె పడుతుంది. ఈ కొలత ఎప్పుడూ ఎవరినో ఒకరిని అట్టడుగున నిలుపుతుంది. నిలిచినవారు వెళ్లిపోతే తరువాతివారిని ఆ చోటికి దించుతుంది. బలవంతంగా చదవవలసిన గణితానికి ఇది ఒక చికాకు మాత్రమే, ఎందుకంటే గణితం మానే వీలు లేదు. తెలుగు మానే వీలున్నది. అందుచేత గణితాన్ని గీచే కత్తే తెలుగును కోస్తుంది.

తరగతిలో చాలినంతమంది లేరన్న కారణం ఒకటి చాలు, తెలుగు బోధన ఆపివేయడానికి. ఉపాధ్యాయ మిత్రులారా, మన పదవులు కూడా ఆ సంఖ్య మీదనే నిలిచి ఉన్నాయి. ఆ సంఖ్యను తరిగించే యంత్రానికి మనమే గ్రేడులు అందిస్తున్నాము.

"పోటీ ప్రపంచం కదా" అన్న వాదం

"స్థానం తెలియకపోతే పిల్లలు ఎలా పోటీపడతారు?" అన్న ప్రశ్నను నేను తేలికగా తీసివేయను. తల్లిదండ్రుల ఆందోళన నిజమైనది. ఐ.ఐ.టి. ప్రవేశానికి పన్నెండవ తరగతిలో 75 శాతం మార్కులు గాని, తమ బోర్డులో పై 20 పర్సెంటైలులో స్థానం గాని ఉండాలన్న నియమం ఉన్నది. కొన్ని వర్గాలకు 65 శాతం చాలు. కాని ఆ స్థానాన్ని బోర్డు లెక్కిస్తుంది, లక్షలమందిలో, అసలు మార్కుల మీద, ఒక భాష మార్కులు కూడా కలుపుకొని. మన ఆరవ తరగతి త్రైమాసిక పరీక్షలో పద్నాలుగుమందిలో వచ్చిన అంకె దానికి ఏ విధంగానూ ముందుసూచన కాదు. నిజంగా ఆ పరీక్షను దృష్టిలో పెట్టుకొంటే, భాషలో మంచి మార్కులు తేగల బిడ్డను ఒక ఉత్తుత్తి అంకె చూసి భాష మార్పించడమే నష్టం.

ఇంకొక మాట. ఇదే తమిళనాడులో 2017లో రాష్ట్ర ప్రభుత్వం పదవ, పన్నెండవ తరగతుల ఫలితాలలో మొదటి ర్యాంకు, రెండవ ర్యాంకు అని పేర్లు ప్రకటించడం మానివేసింది. పిల్లల మీద పడే ఒత్తిడి తగ్గించడానికే ఆ పని చేసింది. రాష్ట్రమంతా వ్రాసే పరీక్షకే ర్యాంకు వద్దనుకొన్న చోట, పద్నాలుగుమంది వ్రాసిన పరీక్షకు ర్యాంకు ఎందుకు? ర్యాంకు అన్న పేరు మార్చి పర్సెంటైల్ అంటే దాని గుణం మారుతుందా?

"కంప్యూటర్ వేసింది కదా, పక్షపాతం ఉండదు" అన్నది చివరి వాదం. పైన చూపిన ఎనిమిది అంకెలను మరొకసారి చూడండి. వాటిలో ఏది అచ్చు కావాలో ఎంచుకొన్నది కంప్యూటర్ కాదు. ఎవరో ఒక మనిషి. చాలా చోట్ల ఆ మనిషి ఎంచుకోలేదు కూడా. ప్రోగ్రాము ఊరకుంటే ఏది ఇస్తుందో అదే ఇచ్చాడు. ఆలోచించకుండా తీసుకొన్న నిర్ణయం నిష్పాక్షికం కాదు. అది బాధ్యుడు లేని నిర్ణయం.

చేయవలసినది

ఉపాధ్యాయులకు నా మనవి. గ్రేడుల నుండి పర్సెంటైల్ లెక్కించడానికి మీ పట్టిక అడిగితే, ఇవ్వడానికి ముందు ఈ ఎనిమిది అంకెల ఉదాహరణను కాగితం మీద వేసి ప్రధానోపాధ్యాయులకు చూపండి. నా అనుభవంలో మాటల వాదం కంటె ఈ పట్టిక త్వరగా పని చేస్తుంది. అయినా తప్పనిసరి అంటే నాలుగు షరతులు అడగండి. లెక్క గ్రేడుల మీద గాక అసలు మార్కుల మీద జరగాలి. రానివారి గడి ఖాళీగా ఉండాలి. ఏ పద్ధతి వాడారో, ఎంతమందిలో లెక్కించారో అంకె పక్కనే అచ్చు కావాలి. ఒక్క బిడ్డ రాకపోకతో అంకె ఎంత మారుతుందో కూడా తెలపాలి. దానికి నూరును తరగతి సంఖ్యతో భాగిస్తే చాలు. ఎనిమిదిమంది తరగతిలో ఒక్కొక్క బిడ్డ విలువ 12.5. ఆ మాట అచ్చు వేయవలసి వచ్చినప్పుడు, ఆ అంకెను అచ్చు వేయాలన్న ఉత్సాహం దానంతటదే తగ్గుతుంది.

ఆ గడిలో దాని బదులు ఏమి వ్రాయాలి? మనకు తెలిసినది వ్రాయాలి. గుణింతాలు తడబడకుండా వ్రాస్తున్నదా? వత్తులు ఎక్కడ తప్పుతున్నాయి? చూడని పేరాను చదివి అర్థం చెప్పగలదా? సొంతంగా ఐదు వాక్యాలు వ్రాయగలదా? పద్యం భావం తన మాటలలో చెప్పగలదా? కిందటి పరీక్షకు, ఈ పరీక్షకు ఏమి మారింది? 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా బిడ్డను పలు కోణాలలో చూపే సమగ్ర నివేదికనే కోరుతున్నది. ఒక్కొక్క బిడ్డకు రెండు వాక్యాలు చాలు. ఇరవై మందికి నలభై వాక్యాలు. మన తరగతులు చిన్నవి కావడం వల్ల కలిగే ఒక్క లాభం ఇదే, దానిని వదులుకోకండి.

తల్లిదండ్రులకు నా మనవి. మీ బిడ్డ కార్డు మీద ఈ అంకె కనబడితే బిడ్డను నిలదీయకండి. బడిని మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎంతమందిలో లెక్కించినది? మార్కుల మీదనా, గ్రేడుల మీదనా? సమానంగా వచ్చినవారిని ఎలా లెక్కించారు? మూడింటికీ జవాబు రాకపోతే ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి. తరువాత బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఒక తెలుగు కథ చదివించుకోండి. కిందటి ఏడాది ఎక్కడ ఆగేవాడో, ఇప్పుడు ఎక్కడ ఆగుతున్నాడో మీరే వినండి.

బి1 వచ్చిన బిడ్డకు తెలుగు వచ్చును. ఆ గ్రేడును పది అని గాని, యాభై అని గాని పిలిచే హక్కు ఏ సూత్రానికీ లేదు. ఆ బిడ్డను వచ్చే ఏడు కూడా మన తరగతికి పంపండి.